మారిషస్‌కు ఇన్ని ఫండ్లు ఎలా వచ్చాయి, ఇంకెన్నాళ్లు ఉంటాయి?

మీకు మారిషస్‌లోని ఎబెన్‌లో ఫండ్ అకౌంటెంట్‌గా ఉద్యోగం వచ్చింది. నాన్నగారేమో "అది నల్లడబ్బు తెల్లబడే దేశం, మనకెందుకు" అంటున్నారు. అసలు పన్నెండు లక్షల పైచిలుకు జనాభా ఉన్న దీవికి ఇన్ని ఫండ్లు, అంటే మదుపుదారుల డబ్బు పోగుచేసి షేర్లలో పెట్టే సంస్థలు, ఎందుకు చేరాయి, అవి ఇంకెన్నాళ్లు ఉంటాయి అని మీరు అడిగారు. నేను హైదరాబాద్‌లో ఆరేళ్లు, ఆ తర్వాత 2009 నుంచి పదకొండేళ్లు ఎబెన్‌లోనే ఈ పని చేశాను. నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. అయితే అందులో ఢిల్లీ పాత్ర కూడా సగం ఉంది. ఆ సగం వదిలేసి మారిషస్ ఒక్కదాన్నే తప్పుపడితే నాకు మనసొప్పదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కథ చెరకు దగ్గర మొదలవుతుంది. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశం బతుకంతా చక్కెర మీదే. అంతకు ఏడేళ్ల ముందు జేమ్స్ మీడ్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ఆ దీవి మీద ఒక నివేదిక ఇచ్చారు. జనాభా వేగంగా పెరుగుతోంది, ఉన్నది ఒక్క పంట, ముందు రోజులు గడ్డుగానే ఉంటాయన్నది దాని సారాంశం. ఆయనకే తర్వాత 1977లో నోబెల్ వచ్చింది. అంతటివాడు చెప్పిన జోస్యాన్ని ఆ దేశం తప్పని తేల్చింది. 1970లో ఎగుమతుల కోసం ప్రత్యేక మండలాల చట్టం తెచ్చి బట్టల ఫ్యాక్టరీలు పెట్టించింది. 1975లో లోమే ఒప్పందం కింద ఏటా ఐదు లక్షల టన్నులకు దగ్గరగా చక్కెరను ఖాయమైన ధరకు యూరప్‌కు అమ్ముకునే హక్కు సంపాదించింది. చక్కెర, బట్టలు రెండూ కూడు పెట్టాయి. కానీ రెండూ పరాయి దేశాలు దయతలిస్తేనే నడిచేవి. ఆ దయ ఎల్లకాలం ఉండదని అక్కడి నాయకులకు ముందే తెలుసు. అందుకే 1980ల చివర్లో ఇంకో ఆధారం వెతుక్కున్నారు. 1989లో స్టాక్ ఎక్స్ఛేంజ్ వచ్చింది. ఆఫ్‌షోర్ బ్యాంకింగ్, అంటే విదేశీయుల కోసం నడిపే బ్యాంకింగ్, మొదలైందీ ఆ రోజుల్లోనే. 1992లో ఆఫ్‌షోర్ వ్యాపారాల కోసం ప్రత్యేకంగా చట్టం చేశారు.

చట్టం చేసినంత మాత్రాన ఫండ్లు వచ్చి వాలవు. అలాంటి చట్టాలు కరీబియన్ దీవుల్లో అప్పటికే బోలెడు ఉన్నాయి. వాటి దగ్గర లేనిదీ మారిషస్ దగ్గర ఉన్నదీ ఒక పాత కాగితం.

1982 ఆగస్టు 24న పోర్ట్ లూయీలో ఇండియా, మారిషస్ ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. ఒకే ఆదాయం మీద రెండు దేశాలూ పన్ను వేయకుండా చూసే మామూలు ఒప్పందమే అది. అలాంటివి మన దేశానికి చాలా ఉన్నాయి. దాని 13వ అధికరణంలో ఒక చిన్న క్లాజు ఉంది. మారిషస్ నివాసి ఇండియాలో షేర్లు అమ్మి లాభం చేసుకుంటే, ఆ లాభం మీద పన్ను వేసే హక్కు మారిషస్‌కే ఉంటుందని ఆ క్లాజు చెప్పింది. మారిషస్‌లోనేమో అలాంటి లాభం మీద అసలు పన్నే లేదు. అంటే రెండుసార్లు పన్ను పడకూడదని రాసుకున్న ఒప్పందం వల్ల ఒక్కసారి కూడా పడకుండా పోయింది. 1982లో ఇది ఎవరికీ పట్టలేదు. విదేశీయులు మన స్టాక్ మార్కెట్లో నేరుగా కొనే వీలే లేని రోజులవి, అమ్మేవాళ్లు ఎక్కణ్నుంచి వస్తారు? ఆ క్లాజు పదేళ్లు అలా నిద్రపోయింది.

1991లో మన దేశం బంగారం తాకట్టు పెట్టిన సంగతి మీరు చదివే ఉంటారు. ఆ గండం గట్టెక్కాక, 1992 సెప్టెంబర్‌లో విదేశీ సంస్థాగత మదుపుదారులు, అంటే ఎఫ్‌ఐఐలు, మన మార్కెట్లో కొనుక్కోవచ్చని ప్రభుత్వం చెప్పింది. మారిషస్ ఆఫ్‌షోర్ చట్టం వచ్చిందీ అదే ఏడాది. లండన్, న్యూయార్క్ లాయర్లు ఇండియాతో ఉన్న పాత ఒప్పందాలన్నీ తిరగేశారు. ఆ క్లాజు దొరికింది.

దాని విలువ ఎంతో ఒక లెక్క వేసి చూపిస్తాను. ఒక ఫండ్ 100 కోట్లు పెట్టి షేర్లు కొని, ఏడాది తిరక్కుండా 160 కోట్లకు అమ్మిందనుకోండి. లాభం 60 కోట్లు. అప్పట్లో ఎఫ్‌ఐఐల స్వల్పకాలిక లాభం మీద పన్ను 30 శాతం, అంటే 18 కోట్లు. అదే ఫండ్ మారిషస్‌లో ఒక కంపెనీ పెట్టి దాని పేరు మీద కొంటే సున్నా. కంపెనీ నడపడానికి ఏడాదికి కొన్ని లక్షలు ఖర్చు. ఏ ఫండ్ మేనేజరైనా ఏం చేస్తాడు? ఆ ఆదా తన ఇన్వెస్టర్లకు ఇవ్వకపోతే వాళ్లే నిలదీస్తారు.

అలా వచ్చిన డబ్బు దారి ఇలా ఉండేది. అమెరికాలోనో యూరప్‌లోనో పెన్షన్ ఫండ్లూ పెద్ద మదుపుదారులూ ఒక పై ఫండ్‌లో డబ్బు వేస్తారు. ఆ పై ఫండ్ లక్సెంబర్గ్‌లోనో కేమన్ దీవుల్లోనో ఉంటుంది. దాని కింద మారిషస్ కంపెనీ. ఆ కంపెనీకి మన స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రిజిస్ట్రేషన్, ముంబైలో షేర్లను భద్రపరిచే కస్టోడియన్ బ్యాంకు, ఆ బ్యాంకులో షేర్లు. మారిషస్ కంపెనీకి కనీసం ఇద్దరు స్థానిక డైరెక్టర్లు ఉండాలి, ప్రధాన బ్యాంకు ఖాతా అక్కడే ఉండాలి, లెక్కల ఆడిట్ అక్కడే జరగాలి. ఈ పనులన్నీ చేసిపెట్టేవాటిని అక్కడ మేనేజ్‌మెంట్ కంపెనీలంటారు. మీకు ఉద్యోగం వచ్చింది అలాంటి చోటే అయ్యుంటుంది.

రోజువారీ పని ఎలా ఉండేదో కూడా చెబుతాను, ఎందుకంటే "అక్కడ పోస్ట్‌బాక్సులు తప్ప ఏమీ లేవు" అనే మాట మీరు చాలాసార్లు వింటారు. మాకూ ఇండియాకూ గంటన్నర తేడా. ముంబై మార్కెట్ మూడున్నరకు మూస్తే మాకు రెండవుతుంది. ముగింపు ధరలు, డాలర్ రేటు తెచ్చుకుని, రావాల్సిన డివిడెండ్లు, ఇవ్వాల్సిన ఫీజులు కలిపి సాయంత్రానికి ఎన్‌ఏవీ, అంటే ఫండ్ నికర ఆస్తి విలువ, తేల్చాలి. ఒక బోనస్ షేరు ఎక్కించడం మర్చిపోతే మొత్తం లెక్క తప్పుతుంది. అప్పుడుండే టెన్షన్ హైదరాబాద్‌లోనైనా ఎబెన్‌లోనైనా ఒకటే.

అంతకంటే సున్నితమైన పని బోర్డు మీటింగ్. ముంబైలో ఉండే సంస్థ ఫండ్‌కు సలహాదారు మాత్రమే. కొనాలా వద్దా అన్న నిర్ణయం మారిషస్ బోర్డుదే. నిర్ణయం నిజానికి ముంబైలో జరుగుతోందని తేలితే మన ఆదాయపు పన్ను శాఖ ఆ ఫండ్‌ను ఇండియాలోనే ఉన్నట్టు లెక్కగట్టి పన్ను వేయొచ్చు. అందుకే ప్రతి కాగితంలో ఒక్కో మాటా చూసుకునేవాళ్లం. నేను చేరిన కొత్తలో ఒక సలహాదారు దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది: ఫలానా కంపెనీలో వాటా కొనాలని "మేం నిర్ణయించాం" అని. మా సీనియర్, అక్కడే పుట్టి పెరిగిన ఒక ఆవిడ, దాన్ని ప్రింట్ తీసి ఆ ఒక్క మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి నా టేబుల్ మీద పెట్టారు. "సిఫారసు చేస్తున్నాం" అని తిరగరాసి పంపమని వాళ్లను అడిగాం. వాళ్లు రెండు నిమిషాల్లో మార్చి పంపారు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాట మార్చాం సరే, నిర్ణయం ఎవరిది? ఆ ప్రశ్నే ఈ పరిశ్రమ మొత్తానికీ ప్రశ్న.

తర్వాతి ఏళ్లలో రెండు రకాల బోర్డులనూ చూశాను. కొన్నింట్లో డైరెక్టర్లు సలహాదారును గంటసేపు ప్రశ్నలతో తిప్పలు పెట్టి, కాగితాలు సరిగా లేవని వెనక్కి పంపేవారు. కొన్నింట్లో పది నిమిషాల్లో సంతకాలు అయిపోయేవి.

ఇక ఢిల్లీ సంగతి. మన ప్రభుత్వానికి ఇదంతా తెలియక జరిగిందనుకుంటే పొరపాటు. 1994లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 682 నంబర్ సర్క్యులర్‌లో, మారిషస్ నివాసి మన షేర్లు అమ్మి సంపాదించిన లాభం మీద ఇండియాలో పన్ను ఉండదని స్వయంగా స్పష్టం చేసింది. 2000 మొదట్లో ముంబైలో కొందరు ఆదాయపు పన్ను అధికారులు కొన్ని ఫండ్లకు నోటీసులు ఇచ్చారు. మీ యజమానులు మారిషస్‌లో లేరు కదా, ఈ మినహాయింపు మీకెలా వర్తిస్తుంది అని వాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్నే. మార్కెట్ పడింది. అప్పటి ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా భరోసా ఇవ్వాల్సి వచ్చింది. ఏప్రిల్ 13న 789 నంబర్ సర్క్యులర్ వచ్చింది. మారిషస్ ప్రభుత్వం ఇచ్చే పన్ను నివాస ధ్రువపత్రం ఉంటే చాలు, అంతకు మించి తవ్వొద్దని దాని భావం. అంటే తవ్వబోయిన అధికారుల చేతుల్లోంచి గునపం లాక్కున్నది మన ప్రభుత్వమే.

దీని మీద ఆజాదీ బచావో ఆందోళన్ అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. 2003 అక్టోబర్ 7న సుప్రీంకోర్టు ఆ కేసులో హైకోర్టు తీర్పును తిరగదోడి సర్క్యులర్‌ను నిలబెట్టింది. ఆ తీర్పును నేను చాలాసార్లు చదివాను. మూడో దేశం వాళ్లు వచ్చి ఒప్పందాన్ని వాడుకోవడం పైకి చెడ్డదిగా కనిపించొచ్చు, కానీ ఎదుగుతున్న దేశం దీర్ఘకాలిక ప్రయోజనం కోసం లోటు బడ్జెట్‌ను భరించినట్టే దీన్నీ భరిస్తుంది అని కోర్టు అంది. మనకు డాలర్లు కావాలి, దానికి ఇది ధర అని ఇంత సూటిగా ఇంకెక్కడా చెప్పలేదు. మీ నాన్నగారికి ఇది తప్పకుండా చెప్పండి. 2000 ఏప్రిల్ నుంచి 2016 మార్చి దాకా మన దేశానికి వచ్చిన ఎఫ్‌డీఐ ఈక్విటీలో, అంటే కంపెనీల వాటాల్లో నేరుగా పెట్టిన విదేశీ పెట్టుబడిలో, దాదాపు మూడో వంతు మారిషస్ పేరు మీదే వచ్చింది. ఆ డబ్బు మన ఫోన్ టవర్లలో, బ్యాంకుల్లో, హైదరాబాద్ ఐటీ భవనాల్లో ఉంది.

నల్లడబ్బు లేదా అంటే, ఉంది. ఇక్కడి వాళ్లే డబ్బు బయటికి పంపి, మారిషస్ కంపెనీ ముసుగులో తిరిగి తెచ్చుకోవడం జరిగింది. 2001లో స్టాక్ బ్రోకర్ కేతన్ పరేఖ్ కుంభకోణం తర్వాత ఈ దారుల మీద పార్లమెంటు సంయుక్త కమిటీ దృష్టి పెట్టింది. అదే ఏడాది ఓసీబీలు, అంటే ప్రవాస భారతీయుల యాజమాన్యంలోని విదేశీ కంపెనీలు, స్టాక్ మార్కెట్లో కొనకుండా రిజర్వ్ బ్యాంకు ఆపేసింది. పదేళ్ల పాటు ఎవరి డబ్బో అడగకుండా ధ్రువపత్రం చూసి పంపించే వ్యవస్థ ఉంటే, దొంగ కూడా అదే క్యూలో నిలబడతాడు. ఈ మచ్చను నేను తేలిగ్గా తీసుకోను. అక్కడ నిజాయితీగా పనిచేసిన వందల మంది మీద ఈ మచ్చే పడింది.

మరి ఢిల్లీ ఇన్నాళ్లు ఎందుకు ఊరుకుంది? డాలర్ల అవసరం ఒకటి. రెండోది, ఆ దేశంతో మనకున్న బంధుత్వం. పోర్ట్ లూయీ ఓడరేవు దగ్గర ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1834 నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది కూలీలు దిగింది ఆ దీవిలోనే. 2006లో యునెస్కో ఆ ఘాట్‌ను వారసత్వ స్థలంగా గుర్తించింది. బ్యాంకుల భవనాల నుంచి నడిచి వెళ్లొచ్చు. మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్లను అక్కడ 'కొరంగి' అనే పిలిచేవారు. మొదటి ఏడాది ఆఫీసు క్యాలెండర్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు చూసి నాకు కళ్లు చెమర్చాయి. జనాభాలో మూడింట రెండు వంతుల మంది భారతీయ మూలాల వాళ్లున్న దేశం, పైగా హిందూ మహాసముద్రంలో మనకు అండగా ఉండే దేశం. దాని బతుకుతెరువు మీద దెబ్బ కొట్టడానికి ఏ ప్రభుత్వమూ తొందరపడలేదు. ఒప్పందం సవరణ మీద ఇరు దేశాల కమిటీ 2006లోనే మొదలైనా, తేలడానికి పదేళ్లు పట్టింది.

ఆ వ్యవధిని మారిషస్ వృథా చేయలేదు. ఇక్కడే నాకు ఆ దేశం మీద గౌరవం. 2001లో ఫైనాన్షియల్ సర్వీసెస్ కమిషన్ పెట్టింది. 2005లో సెక్యూరిటీస్ చట్టం, 2008లో ఫండ్ల కోసం విడిగా నిబంధనలు తెచ్చింది. మన దేశం ఇచ్చిన రుణంతో ఎబెన్‌లో సైబర్ టవర్ లేచింది. అదే కాలంలో చక్కెరకు యూరప్ ఇచ్చే ధర మూడో వంతుకు పైగా తగ్గింది, బట్టల కోటాలు 2005 జనవరితో ముగిశాయి. చెరకు తోటల్లో, కుట్టు మెషీన్ల దగ్గర పనిచేసిన వాళ్ల పిల్లలు లండన్ అకౌంటెన్సీ పరీక్షలు రాసి మా పక్క కుర్చీల్లో కూర్చున్నారు. పొద్దున ఫ్రెంచ్‌లో ఒక క్లయింటుతో, మధ్యాహ్నం ఇంగ్లిష్‌లో ఇంకొకరితో, తమలో తాము క్రియోల్‌లో మాట్లాడుకునే వాళ్ల నైపుణ్యాన్ని పోస్ట్‌బాక్స్ అంటే నాకు కోపం వస్తుంది.

2016 మే 10న కబురు వచ్చింది. ఒప్పందం సవరించారు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్ల లాభం మీద ఇండియా పన్ను వేస్తుంది. అంతకు ముందు కొన్నవాటికి పాత పద్ధతే. మధ్యలో 2019 మార్చి దాకా సగం పన్ను. ఆ సగం రాయితీ కావాలన్నా కంపెనీ ఏడాదిలో మారిషస్‌లో కనీసం 27 లక్షల రూపాయల ఖర్చు చూపించాలి, ఖాళీ కంపెనీ కాదని రుజువు కోసం. ఆ సాయంత్రం మా ఫ్లోర్‌లో ఎవరూ ఐదింటికి ఇంటికి వెళ్లలేదు. ఒక్కో ఫండ్ షేర్ల జాబితా తెరిచి, ఏది ఎప్పుడు కొన్నది, ఏది పాత నిబంధన కిందకు వస్తుంది అని విడదీస్తూ కూర్చున్నాం. చాలామంది పరిశ్రమ మూతబడుతుందనుకున్నారు. మూతబడలేదు, కానీ చిక్కిపోయింది. 2018-19లో ఎఫ్‌డీఐలో సింగపూర్ మారిషస్‌ను దాటేసింది. సవరణ షేర్లకే పరిమితం కాబట్టి బాండ్లు, డెరివేటివ్స్‌లో పెట్టే ఫండ్లకు లాభం మిగిలింది. అప్పుల మీద వడ్డీకి పన్ను 7.5 శాతమే కాబట్టి అప్పులిచ్చే ఫండ్లు వచ్చాయి.

ఆ తర్వాత దెబ్బలు వరసగా తగిలాయి. 2020 ఫిబ్రవరిలో అక్రమ ధన నిరోధక సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ మారిషస్‌ను గ్రే లిస్టులో, అంటే గట్టి నిఘా ఉంచాల్సిన దేశాల జాబితాలో, పెట్టింది. అదే ఏడాది అక్టోబర్ నుంచి యూరప్ కూడా తన జాబితాలో చేర్చింది. నేను తిరిగి వచ్చేసింది ఆ సంవత్సరమే. ప్రతి పాత క్లయింటు ఫైలూ బయటికి తీసి, చివరి యజమాని ఎవరు, డబ్బు ఎక్కడిది అని మళ్లీ మొదటి నుంచి అడిగారు. ముందే అడిగి ఉండాల్సిన ప్రశ్నలవి. 2021 అక్టోబర్‌లో గ్రే లిస్టు నుంచి బయటపడ్డారు. ఇక 2024 మార్చిలో ఇండియాతో ఇంకో సవరణ మీద సంతకాలయ్యాయి. ఒక ఏర్పాటు ముఖ్య ఉద్దేశాల్లో ఒప్పందంలోని పన్ను రాయితీ పొందడం ఒకటని తేలితే ఆ రాయితీ ఇవ్వకూడదన్నది అందులోని నిబంధన. నా టేబుల్ మీద పెన్సిల్ సున్నా చుట్టిన ఆ ప్రశ్నే ఆ సవరణలోకి ఎక్కింది.

ఇంకెన్నాళ్లు అన్న మీ ప్రశ్నకు నా అంచనా చెబుతాను. ఇండియా షేర్ల పని పూర్వంలా ఉండదు. మన గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీ ఆ ఫండ్లనే ఇంటికి పిలుస్తోంది, 2021 బడ్జెట్‌లో వాటి తరలింపుకు పన్ను మినహాయింపు కూడా ఇచ్చారు. మారిషస్ ఆఫ్రికా వైపు తిరిగింది. అక్కడి రోడ్లు, విద్యుత్తు, ఆస్పత్రుల్లో పెట్టే ఫండ్లకు ఎబెన్ మంచి స్థావరం. కానీ అక్కడా అదే అభ్యంతరం లేచింది. 2019లో కెన్యా హైకోర్టు మారిషస్ ఒప్పందాన్ని కొట్టేసింది, 2020లో సెనెగల్, జాంబియా తమ ఒప్పందాలను రద్దు చేసుకున్నాయి. పన్ను క్లాజు ఒక్కదాని మీదే బతికే కంపెనీ అయితే పదేళ్లు కష్టం. లెక్కలు, నియంత్రణ, బోర్డు పని బాగా తెలిసిన కంపెనీ అయితే ఉంటుంది. మీరు నేర్చుకునేది కూడా ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు, గిఫ్ట్ సిటీకైనా హైదరాబాద్‌కైనా.

నన్నడిగితే వెళ్లమంటాను. వెళ్లే ముందు మాత్రం వాళ్లను మూడు సంగతులు అడగండి. మీ టీమ్ చూసే ఫండ్లలో ఇండియావి ఎన్ని, ఆఫ్రికావి ఎన్ని. ఎన్‌ఏవీ లెక్క అక్కడే తయారవుతుందా, లేక వేరే చోట తయారైన దాని మీద మీరు టిక్కు పెడతారా. ఇక మూడోది, గడిచిన ఏడాదిలో వాళ్ల బోర్డులు ఎన్ని సిఫారసులను వెనక్కి పంపాయి. ఈ మూడో ప్రశ్న ఉద్యోగానికి కొత్తగా వచ్చే మనిషి అడిగేది కాదని వాళ్లు ఆశ్చర్యపోవచ్చు. అయినా అడగండి. ఒక్కటి కూడా పంపలేదంటే, ఎబెన్‌లోనే ఇంకో కంపెనీ చూసుకోండి.